ఎవరి చేతి కొలత వారిది



హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మింబర్ మీద నిలబడి సూరా అన్ఫాల్‌లోని 60వ ఆయత్ పఠించారు. శక్తి మేరకు బలాన్ని సమకూర్చుకోవాలన్న అల్లాహ్ ఆదేశం అందులో ఉంది. పఠించిన తరువాత ఆయన (స), బలమంటే విలువిద్యేనని ఒకసారి కాదు, మూడుసార్లు సెలవిచ్చారు. ఈ హదీసు మన జల్సాల్లో తరచూ వినిపిస్తుంది. వినగానే యువకులు తక్బీర్ నినాదాలు చేస్తారు. నేను చెప్పినప్పుడూ చేశారు. అయితే ఆ రోజు గొంతెత్తినవారిలో విల్లు ఎలా పట్టుకోవాలో తెలిసినవారు ఎందరు? ఒక్కరూ లేరు. చెప్పిన నాకే తెలియదు. నా తెలియనితనం వల్ల ఒక పసివాడు బాధపడ్డాడు. ఆ సంగతే ఈ నెల మీ ముందు పెడుతున్నాను.

మాది న్యాల్‌కల్. జహీరాబాద్‌కూ బీదర్‌కూ నడుమ, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం. చెరకు, అల్లం, జొన్న, శనగ పండే నేల. మా వైపు జాతరల్లోనూ ఉర్సుల్లోనూ కుస్తీలంటే జనం విరగబడతారు. కనుక బలం అనగానే మా పిల్లల కళ్లలో పహిల్వాన్ రూపమే మెదులుతుంది. మదరసాలో అస్ర్ నమాజు తరువాత పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బంధువొకరు తాను వాడి పక్కన పెట్టిన విల్లునూ, అరడజను బాణాలనూ మాకు ఇచ్చి వెళ్లారు. విల్లు కింది రెక్క మీద 40 అనే అంకె రాసి ఉంది. అది కంపెనీ వాళ్ల నంబరేమో అనుకున్నాను.

కోత అయిపోయిన చేనులో, వెనుక మట్టికట్ట ఉన్న చోట, గోనెసంచుల్లో జొన్నచొప్ప కుక్కి గురిగా నిలబెట్టాము. నేను బాణాన్ని మొన దాకా లాగి, చెయ్యి చెవి దాటించి వదిలేవాణ్ణి. వింటినారి వచ్చి ఎడమ ముంజేతిని చెళ్లున కొట్టేది. చర్మం నీలంగా కమిలితే దాన్ని పిల్లలకు గర్వంగా చూపించాను కూడా. వారికి హజ్రత్ అబూ తల్హా (రజి) గాథ వినిపించాను. ఉహుద్ రోజున ఆయన దైవప్రవక్త (స)కు తన శరీరాన్ని డాలుగా చేసి నిలబడ్డారు. ఎంత బలంగా లాగేవారంటే ఆ రోజు రెండు మూడు విల్లులు ఆయన చేతిలో విరిగాయని బుఖారీలో ఉంది. ఇది వింటే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు? 12 ఏళ్ల బాబు ఒకడు రోజూ అందరికంటే ముందు వచ్చేవాడు. పళ్లు బిగించి, నన్ను చూసి, నాలాగే చెవి దాకా లాగేవాడు. మాషా అల్లాహ్ అని నేను భుజం తట్టేవాణ్ణి.

పక్షం రోజులు గడిచాక ఒక జుహ్ర్ నమాజులో ఆ బాబు తక్బీర్ చెబుతూ కుడి చేతిని ఛాతీ దాకా మాత్రమే ఎత్తడం గమనించాను. నమాజు అయ్యాక అందరి ఎదుటే పిలిచి, చేతులు చెవి తమ్మెల దాకా ఎత్తడం సున్నత్ అని, నిర్లక్ష్యం తగదని బోధించాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు తప్ప ఏమీ అనలేదు.

మరునాడు తండ్రి వచ్చాడు. ఆటో నడుపుతాడు. సలాం చేసి, “హజరత్, వాడి భుజం పైకి లేవడం లేదు. చొక్కా కూడా వాళ్లమ్మీయే తొడుగుతోంది. మీకు చెప్పొద్దని ఏడుస్తున్నాడు” అన్నాడు. బీదర్ తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే భుజం కండరాలు దెబ్బతిన్నాయని, నెల రోజులు బరువు ఎత్తకూడదని చెప్పారట. ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. సున్నత్ పేరు చెప్పి నేను బయట గాయపరచిన చేతిని, మళ్లీ సున్నత్ పేరు చెప్పి మస్జిద్‌లో మందలించాను. ఆ రాత్రి విల్లును అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఇక ఆ మాటే వద్దనుకున్నాను.

అలా అనుకోనివ్వని హదీసు కూడా హజ్రత్ ఉఖ్బా (రజి)దే. ఆయన వయసు మళ్లిన తరువాత కూడా రెండు గురుల మధ్య అటూ ఇటూ నడుస్తూ బాణాలు వేసేవారు. ఈ వయసులో మీకెందుకింత శ్రమ అని ఫుఖైమ్ అనే వ్యక్తి అడిగాడు. దైవప్రవక్త (స) నోట విన్న ఒక మాట లేకపోతే తాను ఈ శ్రమ పడేవాణ్ణి కాదని ఆయన బదులిచ్చారు. విలువిద్య నేర్చుకుని దాన్ని వదిలేసినవాడు మనవాడు కాడన్నదే ఆ మాట. అవిధేయుడయ్యాడని అన్నారేమోనన్న సందేహాన్ని కూడా ఉల్లేఖకులు భద్రపరచారు. నన్ను నేను ప్రశ్నించుకున్నాను: నేను నేర్చుకుని వదిలేస్తున్నానా? కాదు. అసలు నేర్చుకోలేదు. నేర్చుకోకుండానే నేర్పాను.

పొరుగూరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. చదువుకునే రోజుల్లో విలువిద్య పోటీల్లో పాల్గొన్నవారు. హిందూ సోదరుడు. ఆయన దగ్గరకు వెళ్లడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఒక ఆలిమ్ అయి ఉండి హదీసులో ఉన్న విద్యను ఇతరుల దగ్గర నేర్చుకోవడమేమిటని మనసు మొరాయించింది. ఇది షైతాన్ మాటని గుర్తించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఎవరిని దారి చూపేవాడిగా పెట్టుకున్నారు? అప్పటికి ఖురైషుల మతం మీదే ఉన్న వ్యక్తిని. అతనికి దారులు తెలుసు, నమ్మదగినవాడు. తమ ప్రాణాలనూ ఒంటెలనూ అతని చేతిలో పెట్టారు. నాకేమో ముంజేయి మీది నీలి మచ్చను చూపించడానికే నామోషీగా అనిపించింది.

ఆయన విల్లు చేతిలోకి తీసుకుని మొదట ఆ 40ని చదివారు. అది కంపెనీ నంబరు కాదు. నారిని 28 అంగుళాలు లాగినప్పుడు చేతి మీద పడే బరువు, పౌండ్లలో. అంటే సుమారు 18 కిలోలు. పెద్దవాళ్లు కొత్తగా నేర్చుకునేటప్పుడు 20, 24 పౌండ్ల విల్లుతో మొదలుపెట్టాలట. ఆ వయసు పిల్లవాడికి 14, 16 చాలునట. ఒక్కో అంగుళం తక్కువ లాగితే దాదాపు రెండేసి పౌండ్లు తగ్గుతాయి, ఎక్కువ లాగితే పెరుగుతాయి. మా బాబు తన కొలత మేరకే లాగినా 28 పౌండ్లు. వాడేమో నన్ను చూసి చెవి దాకా లాగాడు. లెక్క వింటూ ఉంటే నాకు గొంతు తడారిపోయింది.

తరువాత నన్ను లాగి చూపించమన్నారు, బాణం పెట్టి. ఖాళీ నారిని లాగి వదిలితే ఆ దెబ్బ విల్లుకే తగిలి రెక్క పగులుతుందని, ఆటకైనా అలా చేయనివ్వవద్దని చెప్పారు. నేను అలవాటుగా లాగాను. ఆయన పక్క నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి చూసి, “మౌలానా సాబ్, మీరు బాణం ఎంత పొడవుంటే అంత లాగుతున్నారు. లాగాల్సింది మీ ఒంటి కొలత” అన్నారు.

ఒంటి కొలతను తెలుసుకునే మార్గం చాలా సులువు. గోడకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులూ భుజాల ఎత్తున బారగా చాపాలి. ఒక మధ్యవేలి కొస నుంచి మరో మధ్యవేలి కొస దాకా దర్జీ టేపుతో కొలవాలి. వచ్చిన అంగుళాలను రెండున్నరతో భాగించాలి. నా బార 68 అంగుళాలు. భాగిస్తే 27 పైచిలుకు. మా బంధువు నాకంటే బాగా పొడగరి. ఆయన బాణాలు 30 అంగుళాలు. బాణం లాగే కొలత కంటే ఒకటి రెండు అంగుళాలు పొడవుగానే ఉండాలి, లేకపోతే మొన వెనక్కి జారి చేతిలో దిగే ప్రమాదం ఉంది. నేను ఆ ఎక్కువను కూడా లాగేస్తున్నాను. ఆ 3 అంగుళాలను రాబట్టడానికి నా తల వెనక్కి వాలుతోంది, నడుము విల్లులా వంగుతోంది, ఎడమ భుజం చెవి వైపు లేస్తోంది. మోచేయి బిగుసుకుని నారి దారికి అడ్డం వస్తోంది. నేను గర్వంగా చూపించిన నీలి మచ్చకు కారణం అదే. కొలతకు తక్కువ లాగేవారికి మరో తిప్పలు. కుడి మోచేయి ముందుకే ఉండిపోతుంది, వీపు కండరాలు పనిలోకి రావు, బరువంతా వేళ్లూ మణికట్టూ మోస్తాయి, చెయ్యి వణుకుతుంది. ఈ లెక్క కూడా మొదటి అంచనాకే. అసలు కొలత మనిషి విల్లు ఎత్తి సరిగా నిలబడ్డాక తేలుతుందని ఆయన ముందే హెచ్చరించారు.

ఆ నిలబడే తీరును ఆయన నాకు చెప్పినట్టే రాస్తున్నాను, పిల్లలున్న ఇళ్లలో పనికొస్తుంది. కుడిచేతి వాటం వాడు ఎడమ భుజం గురి వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడాలి. పాదాల మధ్య భుజాలంత ఎడం, బరువు రెండు పాదాల మీదా సమానం. వెన్ను నిటారుగా, గడ్డం సమంగా ఉంచి తలను మాత్రం గురి వైపు తిప్పాలి. విల్లును పిడికిలి బిగించి పట్టుకోకూడదు. బొటనవేలి మొదట్లో ఉన్న మెత్తని భాగం మీద అది ఆనితే చాలు, బిగిస్తే విల్లు మెలి తిరిగి బాణం పక్కకు పోతుంది. ఎడమ భుజాన్ని కిందికి దించి, మోచేయి లోపలి వైపు నారికి అడ్డం రాకుండా కాస్త బయటికి తిప్పాలి. కుడిచేతి మూడు వేళ్ల మొదటి కణుపు దగ్గర నారిని పట్టాలి, బాణానికి పైన ఒక వేలు, కింద రెండు. లాగేది చేతితో కాదు. వీపున ఉన్న రెండు రెక్క ఎముకలు ఒకదానికొకటి దగ్గరయ్యేలా వీపుతో లాగాలి. చూపుడువేలు దవడ ఎముక కింద ఆనుకోవాలి, నారి గడ్డానికీ ముక్కు కొనకూ తాకాలి. ప్రతిసారీ అదే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా. కోచ్‌లు దీన్ని యాంకర్ అంటారు. లాగే కొలత స్థిరపడేది ఇక్కడే. ఆ స్థితిలో వెనుక నుంచి చూస్తే బాణం, ముంజేయి, కుడి మోచేయి ఒకే గీతలో కనిపించాలి. రెండు మూడు క్షణాలు నిలిచి, వేళ్లను వదులు చేయడమే. లాక్కోవడం, విదిలించడం పనికిరాదు. బాణం గురిని చేరేదాకా ఎడమ చేయి దిగకూడదు.

ఇదంతా వింటున్నప్పుడు నా మనసు పదే పదే నమాజు వైపు మళ్లింది. నిలబడడం, చేతులు ఎత్తవలసిన చోటు, వాటిని ఉంచవలసిన చోటు, ఒక్కో స్థితిలో కుదురుగా ఆగడం, తొందరపడకపోవడం. ఇవన్నీ నేను రోజూ పిల్లలకు చెప్పేవే. హజ్రత్ నౌమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) నమాజు వరుసలను బాణపు కర్రలను సరిచేస్తున్నట్లుగా సరిచేసేవారట. ఆ పోలికను ఎన్నేళ్లు చదివానో, ఎన్నిసార్లు చెప్పానో. బాణపు కర్రను చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, వంకర ఉందేమోనని మొదటిసారి చూసిన రోజు గానీ అందులోని శ్రద్ధ నాకు అర్థం కాలేదు.

మరో హదీసు మీకందరికీ తెలిసిందే. ఒక వ్యక్తి మస్జిద్‌లోకి వచ్చి గబగబా నమాజు చేసి దైవప్రవక్త (స)కు సలాం చేశాడు. వెళ్లి మళ్లీ నమాజు చేయి, నీవు నమాజు చేయలేదని ఆయన (స) పంపించారు. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి ఆ వ్యక్తి, తనకు ఇంతకంటే బాగా రాదని ఒప్పుకుని, నేర్పమని ప్రాధేయపడ్డాడు. అప్పుడు నిలబడడం దగ్గర నుంచి ఒక్కో స్థితిలో కుదురుగా ఆగడం దాకా ఆయన (స) విడమరచి నేర్పారు. ఆయన (స) ఎవరినీ ఎదుట కించపరచిన మనిషి కాదు. ఆ మనిషి నోట నేర్పమనే మాట వచ్చేదాకా వేచి చూశారు. నేనో, మూడుసార్లు బాణం గడ్డిమోపు దాటి పోయినా, ముంజేయి కమిలినా, ఎవరినీ అడగలేదు. అడగకపోగా ఇంకొకరికి నేర్పాను. ఒక పిల్లవాడు తన సలాతులో చెయ్యి ఎత్తలేకపోతే గానీ నా నోట ఆ మాట రాలేదు.

మరి చెవి దాకా లాగడం నేనెక్కడ చదివాను? మదరసా రోజుల్లో పాత అరబీ గ్రంథాల మీద మోజుండేది. హిజ్రీ 751లో కన్నుమూసిన ఇమాం ఇబ్నుల్ ఖయ్యిం (రహ్మలై) ‘అల్ ఫురూసియ్య’ పేరుతో గ్రంథమే రాశారు. మమ్లూకుల కాలంలో తైబుఘా రాసిన శిక్షణ గ్రంథం కూడా ప్రసిద్ధమే. ఈ విద్య గురించిన పుస్తకాల్లో అబూ హాషిం బావర్దీ, తాహిర్ బల్ఖీ, ఇస్‌హాఖ్ రఫ్ఫా అనే ముగ్గురు ఉస్తాదుల పేర్లు తరచూ ఎదురవుతాయి. నిలబడడంలో, పట్టుకోవడంలో, లాగడంలో ఒకరి పద్ధతి ఒకరిది. వారి విల్లులు కొమ్ము, స్నాయువు, కర్ర కలిపి చేసినవి. వారు నారిని బొటనవేలితో, దానికి ఉంగరం తొడిగి లాగేవారు. ఆ పట్టు వేరు, ఆ లాగుడు వేరు. నేను వారి లాగుడును తెచ్చి నేటి మూడు వేళ్ల పట్టుకు అతికించాను. మూలం తెలియకుండా ఒక మజ్‌హబ్ మాటను మరో మజ్‌హబ్ మాటతో కలిపి ఫత్వా ఇచ్చేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ చేసింది అదే.

ఉస్మానియా తుర్కుల సంగతి ఇంకా సిగ్గుపడేలా చేసింది. 1453లో ఇస్తాంబుల్ వారి వశమయ్యాక సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ విలుకాండ్ర కోసం ఓక్‌మైదాన్ అనే విశాలమైన స్థలం కేటాయించారు. అక్కడ కొత్తగా చేరినవాడికి మొదట ఇచ్చేది కెపాజె అనే మెత్తని విల్లు. బాణం లేకుండా దాన్ని లాగుతూ, నెమ్మదిగా సడలిస్తూ, శరీరాన్ని కుదుర్చుకోవాలి. అర్హత సంపాదించాకే ఉస్తాద్ అతనికి విల్లు పిడిని అప్పగించేవాడు. సామ్రాజ్యాలు గెలిచిన సైన్యం పిల్లలు మెత్తని విల్లుతో మొదలుపెడితే, న్యాల్‌కల్ మదరసా పిల్లవాడికి నేను 40 పౌండ్ల విల్లు ఇచ్చాను.

మన కళ్లెదుట ఉదాహరణలు కూడా తక్కువేమీ లేవు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. ఆమె వాడే కాంపౌండ్ విల్లులో లాగే కొలతను విల్లులోనే మనిషికి తగినట్లు అమరుస్తారు, దాన్ని దాటి లాగడానికి వీలుండదు. ఆ విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచారు. వారి రికర్వ్ విల్లుకు క్లిక్కర్ అనే సన్నని లోహపు రేకు ఉంటుంది. బాణపు మొన దాన్ని దాటగానే టిక్కుమంటుంది, అంటే కొలత నిండిందని అర్థం. ఒలింపిక్స్‌లో గురి 70 మీటర్ల దూరాన ఉంటుంది, పది మార్కుల వలయం అడ్డకొలత 12.2 సెంటీమీటర్లు. ఒకసారి అర అంగుళం ఎక్కువ, ఒకసారి తక్కువ లాగితే బాణం వేగం మారి పైకో కిందికో పోతుంది. అంతటి విలుకాండ్రే ప్రతి బాణానికీ తమ కొలతను సరిచూసుకుంటున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బలం గురించిన హదీసును ఎవరినో బెదిరించడానికి వాడేవారు మనలో లేకపోలేదు. ఆయత్ రాజ్యానికీ సైన్యానికీ సంబంధించిన ఆదేశం. ఊళ్లో కుర్రాళ్లు గుంపుకట్టి ఆయుధం తిప్పడానికి అందులో అనుమతి లేదు. విల్లు విషయంలో దైవప్రవక్త (స) పెట్టిన హద్దులు చూడండి. మస్జిద్‌లోంచి గానీ బజారులోంచి గానీ బాణాలతో నడిచేవాడు, ఏ ముస్లింకూ గీసుకోకుండా, వాటి మొనలను చేత్తో పట్టుకోవాలన్నారు. పిట్టను కట్టేసి దానికి గురిపెడుతున్న ఖురైష్ కుర్రాళ్లను చూసినప్పుడు హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి), ప్రాణమున్నదాన్ని గురిగా పెట్టేవాణ్ణి దైవప్రవక్త (స) శపించారని చెప్పారు. మా పిల్లల్లో ఒకడు తొండ మీద బాణం ఎక్కుపెడితే ఆ రోజంతా వాణ్ణి విల్లు ముట్టుకోనివ్వలేదు. గురి వెనుక మట్టికట్ట లేనిదే, అందరూ విల్లు పట్టినవాడి వెనక్కి రానిదే బాణం నారికి ఎక్కకూడదన్నది మా దగ్గర ఇప్పుడు షరతు.

ఆ బాబు ఇంటికి వెళ్లాను. తల్లి పరదా వెనుక నుంచి చాయ్ పంపింది. తప్పు నాదని, నమాజులో అందరి ఎదుట వాణ్ణి అన్న మాట కూడా తప్పేనని తండ్రి ముందు, వాడి ముందు చెప్పాను. తరువాతి జుహ్ర్‌లో మదరసా పిల్లలందరి ఎదుటా అదే చెప్పాను, వాణ్ణి మందలించింది అందరి ఎదుట కనుక. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “భుజం బాగయ్యాక చూద్దాం హజరత్, డాక్టరు సరేనంటేనే” అన్నాడు.

నెలన్నర తరువాత డాక్టరు సరేనన్నారు. వ్యాయామ ఉపాధ్యాయుడు తన బడి నుంచి కాదు, తెలిసినవారి దగ్గర నుంచి 14 పౌండ్ల చిన్న విల్లు అడిగి తెచ్చారు. మదరసా గోడకు వాణ్ణి వీపు ఆనించి నిలబెట్టి, చేతులు చాపించి టేపు పట్టాము. 55 అంగుళాలు. అంటే 22. వాడు కాస్త చిన్నబుచ్చుకుని నా కొలత ఎంతని అడిగాడు. 27 అన్నాను. అంతకుముందు 30 లాగేవారు కదా అన్నాడు. తప్పుగా లాగేవాణ్ణని చెప్పాను.

మొదటి పది రోజులు గురి లేదు. గడ్డిమోపుకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని, నారి ముక్కు కొనకు తాకిందా, మోచేయి వెనక్కి వెళ్లిందా అని మాత్రమే చూసుకోవాలి. వాడితోపాటు నేనూ 20 పౌండ్ల విల్లు పట్టుకుని పక్కనే నిలబడుతున్నాను. నిన్న అస్ర్ నమాజులో వాడు నా వెనుక మొదటి వరుసలో ఉన్నాడు. వరుసలు సరిచేయడానికి వెనక్కి తిరిగినప్పుడు, వాడు ఊరికే చేతులు రెండూ చెవుల దాకా ఎత్తి చూపించి, నవ్వి, దించేశాడు. నమాజు మొదలు కాకుండానే చేతులు ఎత్తకూడదని వాడికి చెప్పలేదు.